మగ్గం గుంతలో కాగిన సాసు

రామకోటయ్య శెట్టి ఆ సీసాను బండి మీద పెట్టలేదు. చేతికీ ఇవ్వలేదు. ఎంగిలి ప్లేట్లు వేసే ప్లాస్టిక్ తొట్టి పక్కన నేలమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడినాడు.

ఓబులేషు క్యాబేజీ తరుగుతున్నాడు. సాయంత్రం అయిదు దాటింది. మైదుకూరులో బద్వేలు రోడ్డు మీద ఎండ ఇంకా పూర్తిగా వాలలేదు. స్టవ్ అంటించలేదు. మొదటి ప్లేటు నూడుల్స్ కోసం పక్క అంగడి టైలరు నరసన్న మాత్రం అప్పటికే వచ్చి, స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"అది నీదేనా?" అన్నాడు శెట్టి.

చూస్తూనే గుర్తుపట్టినాడు ఓబులేషు. షర్బతు సీసా. మెడకు తను చుట్టిన ఎర్రనూలు పోగు కూడా అట్లే ఉంది. నిన్న ఆదివారం పొద్దున నిండుగా పోసి శెట్టెమ్మ చేతికి తనే ఇచ్చి వచ్చినాడు. ఇప్పుడు రెండు వేళ్ళ మందం తగ్గింది.

"నాదే శెట్టిగారూ. పాపకు బాగుండిందా?"

"బాగుండిందా అంటాండావా?" శెట్టి గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. "నిన్న మధ్యాన్నం వేడన్నంలోకి కలుపుకోని తినింది. అరగంట కాలేదు. పెదాలు ఇంతింత లావు. కండ్లు మూసుకపోయినాయి. ఒళ్ళంతా దద్దుర్లు. ఊపిరి అందక ఎగపోస్తాంటే ఎత్తుకోని ఆస్పత్రికి పరిగెత్తినాము. రెండు సూదులు ఏసినంక గానీ నిమ్మళించలేదు. తొమ్మిదేండ్ల బిడ్డ, ఓబులేషూ."

కత్తి క్యాబేజీలో సగం దిగి ఆగిపోయింది.

"దాంట్లో సోయా ఒక్క చుక్క లేదు శెట్టిగారూ. అబద్ధమైతే నా కండ్లు పోతాయి."

శెట్టి బండి వైపు చూసినాడు. అద్దాల పెట్టె మీద వరసగా నిలబెట్టిన సీసాలు. ఎర్ర సాసు, పచ్చ సాసు, వెనిగరు, ఆ పక్కన మూడు నల్లటి సోయా సీసాలు.

"అవేంది మరి?"

"అవి బండికి. పాపకు చేసింది ఇంట్లో. వేరే గిన్నె, వేరే గరిటె. సోయా లేకుండా చెయ్యమని మీ ఇంటామె అడిగినప్పుడే చెప్పినా."

"చెయ్యి ఒకటే గదప్పా." శెట్టి కండువాతో మెడ తుడుచుకున్నాడు. "వేలూరు పోయి, వారం దినాలు ఆడ పడిగాపులు పడి, పాపకు ఏది పడదో కనుక్కోని వచ్చినాము. ఇంటిలోకి సోయా పేరున్నది ఏదీ రానియ్యకుండా కాపాడుకుంటాండాము. నువ్వు ఒక సీసాలో పోసి ఇంట్లోకి పంపిచ్చినావు. బేస్తవారం లోపల బండి ఈడ్నుంచి తీసెయ్యి."

అంగడి మెట్లెక్కి లోపలికి పోయినాడు. ఓబులేషు బండి నిలబడేది ఆ మెట్ల పక్కనే. పైన ఆ అంగడి రేకు నీడ. లైటుకు ఆ అంగడి కరెంటు. సరుకులకొచ్చిన వాళ్ళు సంచీ చేతిలో పెట్టుకుని ఒక ప్లేటు తినిపోవడం ఆ చోటుకున్న గుణం. నాలుగు రోడ్ల కాడ అన్ని మూలలూ ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారు. ఇక్కణ్నుంచి లేస్తే మురిక్కాలవ గట్టు తప్ప వేరే దిక్కు లేదు, ఆ గట్టున నిలబడిన బండి కాడికి ఎవడూ రాడు.

"ఏమప్పా ఓబులేషూ," అన్నాడు నరసన్న, నవ్వు దాచుకోకుండా. "శెట్టిగారి పాపకు నల్లమందు పెట్టినావంట?"

"నోరు మూసుకోని తినేసిపో."

"తింటాలే. నాకైతే సోయా బాగా పొయ్యి. నాకేం దద్దుర్లు రావు."

ఓబులేషు వంగి సీసా తీసుకున్నాడు. మూత తీసి వాసన చూసినాడు. వెల్లుల్లి, కాలిన బెల్లం, పుల్లటి చింతపండు. తన సాసే. ఇంకెవరూ దీంట్లో ఏమీ కలపలేదు. లేదా ఎవరో కలిపినారు. శెట్టి కొడుకు కల్యాణ్ ఈ మెట్ల పక్కన కూల్ డ్రింకుల ఫ్రిజ్జు పెట్టుకోవాలని రెండు నెలల్నుంచీ నాయన చెవి కొరుకుతున్నాడని నరసన్నే చెప్పినాడు ఒకసారి. అది ఇప్పుడు గుర్తుకొచ్చింది. బండి తీయించడానికి బిడ్డకు ఏదో అయిందని చెప్పుకునేంత దూరం పోతారా? పోతారు. ఉన్నోళ్ళు యాడిదాకా అయినా పోతారు.

అయినా బిడ్డను చూడకుండా ఎట్లా నమ్మేది? తల ఎత్తి చూసినాడు. అంగడి మీద మిద్దె. రోజూ ఈపాటికి వరండా కటకటాల్లోంచి కాళ్ళు బయటికి వేలాడేసుకుని, మురుకులు నములుతూ నూడుల్స్ ఎగరేయడం చూసే శెట్టి మనవరాలు పద్మప్రియ ఈ రోజు లేదు. తలుపు మూసి ఉంది.

•

ఓబులేషు పెండ్లాం హేమావతి పొయ్యి మగ్గం గుంతలో ఉంటుంది. ఇంట్లో మగ్గం తీసేసినాక, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే ఆ గుంతను పూడ్చబోతే వద్దని, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసుకుంది. గాలి తగలదు, మంట చెదరదు, పొద్దంతా కాగాల్సిన వాటికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ సాసు కాగింది ఆ గుంతలోనే. ఓబులేషు వండుతుంటే మధ్యలో మంట చూసింది మాత్రం హేమావతే.

పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోకముందే మొదలుపెట్టినాడు ఓబులేషు.

"నేను సంతకు పోయినప్పుడు నువ్వు దాంట్లో ఏమి పోసినావు?"

"ఏమి పోస్తా? కలబెట్టమంటే కలబెట్టినా."

"రంగు రాలేదని ఏమన్నా పోసినావా? నిజం చెప్పు. కొట్టను."

హేమావతి చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "కొడతావు గూడానా? ఊరంతా నిన్ను అనుమానపడితే నువ్వు నామింద పడినావా?"

"అడుగుతాండా, అంతే."

"బండి సీసాలు బండిలోనే ఉండాయి, బండి తాళం నీ మొలతాడుకు ఉండాది. నేనేమన్నా గాలిలోంచి తీస్తానా సోయాను?"

అది నిజమే. నిజమని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు. గూటిలోని గిన్నెలన్నీ దించి ఒక్కొక్కటే వేలితో రాసి వాసన చూసినాడు. గరిటె కాడ సందులో గోరు పెట్టి గీకినాడు. ఉప్పు జాడీ వంచి చూసినాడు. హేమావతి చూసీ చూసీ నవ్వింది. "పోలీసోడు పెండ్లాం పెట్టె ఎతికినట్ల ఎతుకుతాండావే."

"నీకు నవ్వుగా ఉండాది. ఎల్లుండి బండి తీసి కాలవ గట్టున పెట్టినంక నవ్వుకుందువు గానీ."

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది.

దిగింది సుందరలక్ష్మి. శెట్టి పెండ్లాం ఈ వీధిలోకి రావడం ఓబులేషు ఎన్నడూ చూడలేదు. పనిమనిషి లేదు, తోడు లేదు. చేతిలో ఒక గుడ్డసంచి, అంతే. హేమావతి చేట పక్కన పెట్టి లేచింది.

"రాండమ్మా. పాపకు ఎట్లుండాది?"

"వాపు తగ్గింది. గంజి తాగింది." ఆమె చాప మీద కూర్చోలేదు. గుంత అంచున, మగ్గం కాలం నాటి చెక్క దూలం మీద కూర్చుంది. "ఓబులేషూ, నా ముందర చెయ్యి."

"ఏందమ్మా చేసేది?"

"సాసు. ఆ పొద్దు ఎట్ల చేసినావో అట్లే. అదే గిన్నె, అవే సరుకులు. నేను ఏమీ తేలేదు. ఏది పడలేదో నాకు తెలియాల."

ఓబులేషుకు కోపం వచ్చింది. దొంగను పట్టుకోవడానికి దొంగతనం మళ్ళీ చేసి చూపమన్నట్టుంది. "నన్ను నమ్మకుండా వచ్చినారు."

"నమ్మకుంటే రాను. మా ఆయన నిన్ను నమ్మలేదు. నేను ఇంకా తేల్చుకోలేదు."

ఆమె సంచిలోంచి మడతలు పడిన కాగితం తీసింది. వేలూరు డాక్టరు ఇచ్చిన చీటీ, కొడుకు కల్యాణ్ తెలుగులో రాసిపెట్టింది. అద్దాలు పెట్టుకుని మోకాలి మీద పరుచుకుంది.

రాత్రి హేమావతి చారుకని నానబెట్టిన ఉలవలు ఉండనే ఉన్నాయి. ఓబులేషు గుంతలోకి దిగి మంట పెట్టినాడు. ఉలవలు ఉడకడానికి గంటన్నర. ఉడికినాక కట్టు వంచి, గుడ్డలో వడగట్టి, ఇత్తడి గిన్నెలో పోసి మళ్ళీ మంట మీద పెట్టినాడు. మొదట అది బురదనీళ్ళ మాదిరి ఉంటుంది. తెట్టు తీసి తీసి, సన్నమంట మీద సగానికి సగం, ఆ సగానికి సగం అయితే గరిటెకు అంటుకునే నలుపు వస్తుంది. సోయా రుచిలో ఉండే ఆ మాంసం వాసన, నాలుక మీద నిలబడే ఆ బరువు, ఉలవకట్టులో తప్ప ఇంకెందులోనూ రాదని కనిపెట్టడానికి నెలరోజులు పట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. ఇప్పుడు శెట్టెమ్మ కళ్ళముందర అంతా విప్పాల్సి వచ్చింది. ఇదంతా ఎట్లా చేసేదో తెలుసుకోవడానికే వచ్చిందేమో, రేపు ఇదే సీసా వాళ్ళ అంగడి అరలో కనబడుతుందేమో అని కూడా అనిపించింది.

"ఉలవలు మా పాప తింటాది," అంది సుందరలక్ష్మి, కాగితం మీద చూపు ఆనించి. "వారంలో రెండుసార్లు కట్టు చేస్తా. అది కాదు."

రెండేళ్ళ నాటి చింతపండు జాడీలోంచి తీసినాడు. నల్లగా, తారు ముద్దలాగా ఉంది. ఆమె చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకుంది. తల ఊపింది. బెల్లం ఇనప బాణలిలో కరిగి, ఎర్రబడి, పొగలేచి, చేదు వాసన తగిలే గడియకు ఉలవకట్టు పోసినాడు. బుస్సున పైకి లేచింది. మొహం పక్కకు తిప్పుకుంటూ గరిటె తిప్పినాడు. ఆ గడియ తప్పితే బెల్లం బొగ్గవుతుంది, ముందయితే తీపి మిగులుతుంది. చేసిన ప్రతిసారీ ఆ ఒక్క క్షణం కోసం ఒళ్ళంతా కళ్ళు చేసుకుంటాడు. ఆమె అది చూసింది.

"చెయ్యి బాగుండాది," అంది.

ఆ మాటకు పొంగిపోయినందుకు తనమీద తనకే చిరాకు వేసింది.

ఉప్పు. మిరియాలు. దేన్నీ వదల్లేదు, అన్నీ చూసింది, కాగితంలో వేలు పెట్టి చదివింది. "సోయా గింజ. పిండి. పాలు. మీల్ మేకరు. సాసు..." వేలు కింది వరసకు జరిగింది.

"ఇంక వెల్లుల్లి, ఎండుమిరపకాయలు దంచి నూనెలో వేయించి పొయ్యాలమ్మా. దాంతో అయిపాయె. ఏమే, నూనె తే."

హేమావతి క్యాను తెచ్చింది. బాణలిలోకి వంచబోతుంటే సుందరలక్ష్మి అంది, "నూనె యాడిది?"

"మీ అంగడిదేనమ్మా. శెనక్కాయ నూనె. బండికీ ఇదే, ఇంటికీ ఇదే. వేరే యాడా కొననే."

సుందరలక్ష్మి వేలు కాగితం చివరి వరస మీద ఉంది. అక్కడే ఉండిపోయింది. క్యాను మూత అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసుకుంది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. ఏమీ మారకపోవడమే ఓబులేషుకు వింతగా తోచింది. ఇందాకట్నుంచీ ప్రతిదానికీ తల ఊపిన మనిషి దీనికి ఊపలేదు.

"నూనె వద్దులే," అంది.

"నూనె లేకుంటే వెల్లుల్లి పచ్చివాసన వస్తాది గదమ్మా."

"నిప్పుల మింద కాల్చి నూరి వెయ్యి. పాపకు నూనె వస్తువులు పడవు. దగ్గొస్తాది."

ఓబులేషు హేమావతి వైపు చూసినాడు. హేమావతి నేలచూపులు చూస్తోంది. వెల్లుల్లి గడ్డ నిప్పుల్లో తోసి, పైన బూడిద కప్పినాడు. అది కాలినాక పొట్టు ఊడదీసి, మెత్తగా నలిపి గిన్నెలో వేసినాడు. సుందరలక్ష్మి సీసా నింపించుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆటో ఎక్కింది. పోతూ పోతూ, "బేస్తవారం లోపల నేనే చెప్తా," అని మాత్రం అంది.

ఆటో మలుపు తిరిగినాక ఓబులేషు గుంత అంచున కూలబడినాడు.

"నూనె పడదంట. దినామూ పొద్దుగూకాల మిద్దె మింద కూచోని మురుకులు తినేది ఎవరి బిడ్డ? నా బిడ్డనా?"

•

ఆ సాయంత్రం బండి దగ్గర చేతులు కడుక్కోవడానికి వంగినప్పుడు చూసినాడు.

బండి కింద నీళ్ళ డబ్బా. చదరపు రేకు డబ్బా, పదిహేను కిలోలది, పై మూత కోసి, అంచులు లోపలికి కొట్టి, కర్ర పిడి బిగించింది. నూనె అయిపోయిన డబ్బాలను శెట్టి అంగడి వెనక పోగేసి అమ్ముతారు. సగం ఊరు నీళ్ళకూ బియ్యానికీ అవే వాడుతుంది. ఈ డబ్బా రెండేళ్ళుగా తన కాళ్ళ దగ్గరే ఉంది. నీలంరంగు పెయింటు. నీలం మీద ఇంగ్లీషు అక్షరాలు, అవి తనకు రావు. అక్షరాల కింద ఒక కొమ్మ బొమ్మ, కొమ్మకు కాయలు. చిక్కుడు మాదిరి, పొట్టిగా, నూగుతో.

శెనక్కాయ కొమ్మకు వేలాడదు. నేలలో ఉంటుంది. ఈ సీమలో పుట్టినవాడెవడికీ అది చెప్పాల్సిన పనిలేదు.

చెయ్యి తుడుచుకోకుండానే లేచి, పెట్టె మీది సోయా సీసా ఒకటి తీసి తిప్పినాడు. చీటీ మీద అదే కాయ. అదే నూగు.

నరసన్న స్టూలు మీదున్నాడు. "ఏందప్పా సీసాతో మాట్లాడుతాండావు?"

"ఏం లేదు."

శెట్టి అంగడి నెత్తిన బోర్డు. అక్కడ ఏమేం అమ్ముతారో వరసగా తెలుగులో రాసి ఉంటుంది. తెలుగు తనకు వచ్చు. శెనక్కాయ నూనె, నువ్వుల నూనె, పామాయిలు, ఆముదం. రెండుసార్లు చదివినాడు. సోయా నూనె లేదు. ఏ ఆడమనిషీ సీసా పట్టుకొచ్చి సోయా నూనె పొయ్యమని అడగ్గా తను వినలేదు. మరి ప్రతి నెలా లారీలో దిగే ఈ నీలం డబ్బాలు నిండుగా లోపలికి పోతాయి, ఖాళీగా వెనక నుంచి వస్తాయి. మధ్యలో ఎక్కడికి పోతోంది ఆ నూనె?

గల్లా పెట్టె పక్కన కొళాయి బిగించిన పెద్ద డ్రమ్ము. దానిమీద తెల్లరంగుతో "శెనక్కాయ నూనె" అని శెట్టి తన చేత్తో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఓబులేషు రెండు ప్లేట్లు మాడబెట్టినాడు.

•

బుధవారం పొద్దున క్యాను తీసుకుని దాసన్న గానుగకు పోయినాడు. గానుగ అని పేరే గానీ ఎద్దు లేదు, మోటరు తిప్పుతుంది. దాసన్న నూనె దిగిన శెనక్కాయ చెక్క తీసి గోనె మీద ఆరబోస్తున్నాడు. వయసు అరవై ఉంటుంది. ముంజేతులు ఎప్పుడూ మెరుస్తుంటాయి.

"శెట్టెమ్మ నీ కాడ నూనె ఆడిస్తాదా?" అన్నాడు ఓబులేషు.

"ఆడిస్తాది. ఏటా ఇంట్లోకి చేలోని కాయలు పంపిస్తాది. ఏం?"

"అంగడిలో డ్రమ్ము నిండా నూనె పెట్టుకోని ఇంటికి వేరే ఎందుకప్పా?"

దాసన్న తల ఎత్తినాడు. "చేనున్నోళ్ళు అందరూ ఆడిచ్చుకుంటారు. దాంట్లో ఏముండాది? నీ బండి మింద చేసేది నువ్వు ఇంటికి తీసకపోయి తింటావా?"

తినడు. బండి మీద వాడే రంగుపొడి, అజినమోటో ఇంట్లోకి రానియ్యడు. కానీ అది వేరే సంగతి అనుకున్నాడు. ఎట్లా వేరో ఆలోచించకుండా క్యాను మూత తీసి ముందుకు పెట్టినాడు.

"ఇది చూసి చెప్పు."

దాసన్న అరచేతిలో కొంచెం పోసుకుని రెండు చేతులూ రుద్దినాడు. ముక్కు మూసుకునేట్టు అరచేతులు మొహానికి ఆనించి గట్టిగా పీల్చినాడు. మళ్ళీ పీల్చినాడు. చేతులు గోనెకు తుడుచుకున్నాడు.

"శెనక్కాయ ఉండాది," అన్నాడు. "శెనక్కాయ ఒకటే లేదు."

"ఇంకేముండాది?"

"నాకు తెలీదు."

"తెలుసు నీకు."

"తెలిసినా తెలీదు ఓబులేషూ. ఇంటికి కాయలు పంపించేది ఆయమ్మ. ఊర్లో కాయలు కొనేది ఆయప్ప. ఆ ఇద్దరి మధ్య నా మోటరు తిరుగుతాండాది. దాసన్న చెప్పినాడని యాడన్నా అంటివా, నేను అనలేదంటా. పో ఇంక."

తిరిగి వస్తుంటే ఎండలో క్యాను బరువు చేతికి తెలియలేదు. ఎన్నేళ్ళకో ఓబులేషు వెన్ను నిటారుగా పెట్టి నడిచినాడు. ఆరో తరగతిలో బడి మాన్పించినప్పట్నుంచీ వినడమే తప్ప ఎవడికీ ఏదీ చెప్పే సందు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది తను కాదు. డ్రమ్ము మీద ఒకటి రాసి లోపల ఒకటి పోసినవాడు, తన మనవరాలికి తనే తెచ్చుకున్నాడు. అది చాలదని నేరం తన మీదికి తోసి, నేలమీద సీసా పెట్టి పోయినాడు.

సాయంత్రం మిద్దె వరండాలో పద్మప్రియ కనబడింది. కటకటాల్లోంచి కాళ్ళు వేలాడేసి, ఒళ్ళో గిన్నె పెట్టుకుని, అన్నం తింటోంది. అన్నం నల్లగా ఉంది. పెదాల కింద కూడా నల్లగా అంటింది. ఓబులేషును చూసి గిన్నె ఎత్తి చూపించింది.

బండి కట్టేసేదాకా గంటకొకసారి తల ఎత్తి చూస్తూనే ఉన్నాడు. పిల్ల పాటలు పాడుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. దద్దుర్లు లేవు, దగ్గు లేదు. నూనె ఒక్కటి తీసేస్తే ఏమీ కాలేదు.

శెట్టి మాత్రం గల్లా దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. బేస్తవారం మాట వెనక్కి తీసుకోలేదు.

•

"ఏమని అడుగుతావు?" అంది హేమావతి పొద్దున.

"బోర్డు మింద లేని నూనె యాడ అమ్ముతాండావని అడుగుతా. అంగట్లో జనం ఉన్నప్పుడు అడుగుతా."

"అడిగినంక?"

"అడిగినంక ఏముండాది? అందరికీ తెలుస్తాది."

"తెలిసి?" హేమావతి అతని చేతిలో ఉన్న నీలం డబ్బాను చూసింది. నీళ్ళు పారబోసి, మట్టితో తోమినాడు, కాయ బొమ్మ బాగా కనబడేట్టు. "మనకు బండి ఆణ్ణే ఉంటే సాలయ్యా. ఆ సంగతి మర్చిపోవద్దు."

అంగట్లో జనం లేరు. ఒక్క తిమ్మమ్మ ఉంది. ఓబులేషు వీధిలోనే మూడిండ్ల అవతల ఉండే ముసలామె, కండ్లు మసకబారినా ఇంకా మగ్గాలకు నూలు ఆసు తోడుతుంది. సీసా పట్టుకుని తన వంతుకు నిలబడి ఉంది. శెట్టి అప్పుడే ఒకరిని కందిపప్పు పొట్లంతో పంపించి, డ్రమ్ము వైపు తిరిగినాడు.

ఓబులేషు డబ్బా తెచ్చి గల్లా పలక మీద పెట్టినాడు. బొమ్మ శెట్టి వైపు ఉండేట్టు తిప్పినాడు.

దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు ఉన్నాయి. సగమే నోట్లోంచి వచ్చినాయి.

"ఈ డబ్బాలో వచ్చేది బోర్డు మింద రాయలేదే శెట్టిగారూ?"

శెట్టి డబ్బాను చూసినాడు. ఓబులేషును చూసినాడు. తిమ్మమ్మను చూసినాడు. ఆమె ఏమీ పట్టించుకోకుండా కొంగుతో సీసా మూతి తుడుచుకుంటోంది. శెట్టి చెయ్యి గల్లా పలక మీదుగా వచ్చి డబ్బాను నెమ్మదిగా, ఒకే ఒక్క తిప్పు తిప్పింది. బొమ్మ గోడవైపుకు పోయింది.

"బండి తియ్యద్దులే," అన్నాడు, గొంతు తగ్గించి. "బిడ్డ అట్లుంటే చూళ్ళేక అంటి. మనసులో పెట్టుకోవద్దు. ఆ లైటు వైరు గూడా పాతబడింది, కొత్తది లాగిస్తా."

ఓబులేషు నోరు తెరిచే ఉంది. రెండో సగం మాట అక్కడే ఉంది.

లోపలి మెట్ల మీద నుంచి సుందరలక్ష్మి దిగింది. ఎంతసేపట్నుంచి అక్కడ నిలబడి వింటోందో. చేతిలో తెల్లటి క్యాను, నిండుగా, రెండు చేతులా పట్టుకుని ఉంది. మొగుని వైపు చూడకుండా దాటుకుని వచ్చి, ఓబులేషు కాళ్ళ దగ్గర కాదు, అతని చేతికే అందించింది.

"పాప నూడుల్స్ కావాలంటాది. వారానికి ఒక ప్లేటు చేసి పైకి పంపియ్యి. వెల్లుల్లి దీంట్లో వేయించు. ఇంటి నూనె, గానుగది."

ఆమె కళ్ళ కింద నిద్రలేని నలుపు ఉంది. రెండు రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెండ్లాల మధ్య ఏం జరిగి ఉంటుందో ఓబులేషు ఊహించుకోగలడు. ఈమె తన వైపే ఉంది. ఈమె అడిగే ఉంటుంది. అడిగి, వచ్చిన జవాబును ఇట్లా క్యానులో పోసి తెచ్చింది.

"తక్కినోళ్ళకమ్మా?" అన్నాడు.

సుందరలక్ష్మి అతని చేతిలోని క్యాను వైపే చూసింది.

"తక్కినోళ్ళకు ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు గదా," అంది. తిరిగి మెట్లెక్కి పోయింది. కాళ్ళు బరువుగా పడిన చప్పుడు పైదాకా వినబడింది.

శెట్టి డ్రమ్ము కొళాయి కింద గరాటు సర్దుతూ, "ఇయ్యవ్వా సీసా," అన్నాడు.

తిమ్మమ్మ సీసా ఇవ్వలేదు. వెనక్కి తిరిగి, మసక కళ్ళు చికిలించి, పక్కన ఉన్నది ఎవరో పోల్చుకుంది.

"ఓబులేషువా నాయనా? మంచోడివి, కనబడితివి. ఈ నడమ ఈ నూనె కాగితే నురగ కడతాందిరా. వాసన గూడా పాతదాని మాదిరి లేదు. శెట్టినడిగితే నా ముక్కే పోయిందంటాడు. నువ్వు దినామూ దీంతోనే గదా చేసేది, నువ్వు చెప్పు. బాగుండాదా?"

శెట్టి గరాటు మీద చెయ్యి పెట్టి అట్లే ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఓబులేషు చేతిలో క్యాను బరువుగా ఉంది. మూత సందులోంచి వాసన వస్తోంది. అప్పుడే ఆడించిన కాయల వాసన, వేయించిన పప్పు వాసన. ఎంత కాలమైందో ఈ వాసన పీల్చి. బయట మెట్ల పక్కన, రేకు నీడలో, బండి నిలబడి ఉంది. దానిమీదికి ఎండ ఇంకా రాలేదు.

"బాగుండాదవ్వా," అన్నాడు. "నేను దీంతోనే చేస్తా. పోయించుకో."

"నువ్వు చెప్తే సరేలే," అని తిమ్మమ్మ సీసాను గరాటు కిందికి జరిపింది.